పాత ఇంజనుకు జీర్ణోద్ధారణమా, నూతన ప్రతిష్ఠయా?



క్రిందటి మాసమున మా కురుపాం కొండల దిగువనున్న ఒక గ్రామమునుండి ఇద్దరు పెద్దలు నా యింటికి వచ్చిరి. వారి గ్రామమున గెడ్డనీటిని ఎత్తి మెరక పొలములకు పారించు డీజిలు ఇంజను ఒకటి కలదు. అది ఊరి ఉమ్మడి సొత్తు. ఇప్పుడది బోరుకు వచ్చినది. అనగా, లోపల అరిగి, పొగ చిమ్ముచు, చమురు ఎక్కువ త్రాగుచు, నీరు మాత్రము తక్కువగా ఇచ్చుచున్నది. "దీన్ని బాగు చేయించమంటారా మాస్టారూ, అమ్మేసి కొత్తది కొనమంటారా?" అని వారడిగిరి. ఊరిలో సగముమందిది ఒక మాట, సగముమందిది ఇంకొక మాట. సంఘపు పెట్టెలోనున్న సొమ్ము ఒక్కసారి ఖర్చు చేయుటకే చాలును. ఆ ఖర్చు తప్పు దారిని పోయినచో దిద్దుకొనుటకు మిగులునది లేదు.

వ్యాకరణము చెప్పుకొని బ్రతికిన పంతులును ఇంజను సంగతి అడుగుటేమని మీకు తోచవచ్చును. నేను విజయనగరము సంస్కృత కళాశాలలో భాషాప్రవీణ చదివి, ముప్పది యేండ్లు ఈ మన్యములో పిల్లలకు తెలుగు చెప్పినవాడను. మా ఊరి పంపు సంఘమునకు లెక్కలు వ్రాయు పని కూడ నాపై పడినది. అందువలన ఈ ప్రశ్నకు నేను రెండుమారులు సమాధానము చెప్పవలసివచ్చినది. మొదటిసారి తప్పు చెప్పితిని. ఆ తప్పును మనవి చేయుటకు ముందు ఈ యంత్రముయొక్క చరిత్రము కొంత చెప్పెదను. యంత్రము ఎట్లు పుట్టినదో తెలిసిననే అది ఎట్లు అరుగునో తెలియును.

రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1858లో పారిస్ నగరమున జన్మించెను. ఆ కాలమున కర్మాగారములను నడిపినది ఆవిరి. ఆవిరియంత్రములలో పెక్కింటికి, బొగ్గులోని వేడిలో నూటికి పది పాళ్లు పనిగా మార్చుటయే గగనముగా నుండెను. తక్కినదంతయు గాలిలో కలిసిపోవుచుండెను. ఈ వృథాను తగ్గింపవలెనని డీజిల్ 1892లో ఒక నూతన యంత్రమునకు పేటెంటు కోరెను. 1893లో ఆగ్స్‌బర్గ్ నగరమున చేసిన తొలి ప్రయత్నములో, యంత్రమునకు తగిలించిన కొలత పరికరము ప్రేలి తునకలై యెగిరిపోయెను. ఆయన వెనుదీయలేదు. 1897లో అదే నగరమున ఆయన యంత్రము పరీక్షకు నిలిచి, ఇంధనపు వేడిలో నూటికి 26 పాళ్లు పనిగా మార్చి చూపెను.

ఈ యంత్రముయొక్క రహస్యమెల్ల ఒత్తిడిలో నున్నది. సైకిలు చక్రమునకు గాలి కొట్టునపుడు పంపు మొదలు వేడెక్కుట మీరెరుగుదురు. గాలిని చిన్న చోటిలో అణచినచో వేడి పుట్టును. డీజిలు ఇంజనులో పిస్టను గాలిని అంతకంటె ఎన్నో రెట్లు అణచును. ఆ గాలి నిప్పువలె కాగియుండగా నాజిలు గుండ చమురు తుంపరగా పడును. పడినంతనే తనంత తానే అంటుకొనును. నిప్పురవ్వ అక్కరలేదు, అగ్గిపుల్ల అక్కరలేదు. పిస్టనుకును, సిలిండరు గోడకును నడుమ గాలి జారిపోకుండ కాపాడునవి రింగులు. ఆ కాపుదల సడలినచో ఒత్తిడి పోవును. ఒత్తిడి పోయినచో వేడి పోవును. వేడి లేనిచో చమురు సరిగా కాలక పొగయై పోవును. ఇంజను ముసలిదగుట యనగా ఇదియే.

1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనమున ఒక చిన్న డీజిలు ఇంజనును వేరుసెనగ నూనెతో నడిపిరి. అది ఎంత సాఫీగా నడిచెననగా, దానిలో పోసినది నూనెయని చూపరులలో కొద్దిమందికే తెలిసినదట. పల్లెలు తమ చేలలో పండిన నూనెతోనే తమ యంత్రములను నడుపుకొను దినము వచ్చునని డీజిల్ ఆశించెను. 1913 సెప్టెంబరులో ఆయన ఓడపై ఇంగ్లండునకు పోవుచు, రాత్రివేళ సముద్రములో అదృశ్యుడయ్యెను. ఆయన పేరు మాత్రము మన గెడ్డల ఒడ్డున నిత్యము వినబడుచునేయున్నది.

మన పల్లెలకు వచ్చిన ఇంజనుల వంశము వేరొకచోట మొదలయినది. ఇంగ్లండులోని డర్స్‌లీ అను చిన్న పట్టణమున లిస్టరు కంపెనీవారు 1930 ప్రాంతమున ఒక ఇంజనును తయారుచేసిరి. దానికి ఇరుప్రక్కల రెండు పెద్ద ఫ్లైవీళ్లు. మొదట నిమిషమునకు 600 చుట్లు, తరువాతి రకములో 650 చుట్లు. ఆ తరువాతి రకమునకు ఆరు గుర్రముల బలము. మూడువందల కిలోలకు పైబడిన ఇనుము. అది పరుగెత్తదు, ఏనుగువలె నింపాదిగా నడచును. దాని నిర్మాణములో ఒక వివేకము కలదు. గుల్ల వేరు, సిలిండరు వేరు, తల వేరు. ఒక్కొక్క అంగమును విప్పి తీసి, అరిగినదానిని మార్చి, మరల బిగింపవచ్చును. ఇల్లు కట్టునప్పుడే వాసాలు మార్చుకొనుటకు వీలుగా కట్టినట్లు దానిని చేసిరి.

మన దేశమున 1946లో పూనాలో కిర్లోస్కరు ఆయిలు ఇంజనుల కర్మాగారము స్థాపింపబడినది. గుజరాతులోని రాజకోట పనివారు లిస్టరు నమూనాను, పీటరు నమూనాను అనుసరించి వేలకొలది ఇంజనులు పోతపోసిరి. లిస్టరు నెమ్మది నడకది. పీటరు నిమిషమునకు 1500 చుట్లు తిరుగునది, తేలికయైనది. డర్స్‌లీలో ఆ పాత నమూనాను చేయుట మానినను రాజకోటలో మానలేదు. నా చిన్నతనమున పార్వతీపురము బాటలో బియ్యపుమిల్లు ఇంజను "టకు టకు"మను శబ్దము దూరమునుండి వినబడినంతనే బండియెడ్లు చెవులు రిక్కించెడివి. ఊరు దగ్గరపడినదని మాకు తెలిసెడిది.

ఆ తరమువారు ఇంజనును పారవేయుట యెరుగరు. దానికి కారణము వారి పొదుపుబుద్ధి యొక్కటియే కాదు. ఆనాడు ఇనుము ప్రియము, చమురు చవుక, చేతిపనివాడు దగ్గర. ఈ మూడును కలిసినచోట బాగుచేయించుటయే న్యాయము. పిమ్మట కాలము మారినది. 1955లో మన విశాఖమన్యపు అంచున మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు పుట్టినది. తీగ పోయిన చోటులనెల్ల మోటారు వచ్చి ఇంజనును ప్రక్కకు జరిపినది. 1973లో అరబ్బు దేశముల సంక్షోభమువలన చమురు వెల పెరిగి, ప్రపంచమంతయు తల్లడిల్లినది. 2004లో ఆంధ్రప్రదేశమున వ్యవసాయపు పంపులకు ఉచిత విద్యుత్తు మొదలయినది. 2014 అక్టోబరులో డీజిలు వెలపై కేంద్ర ప్రభుత్వపు అదుపు తొలగినది. నేడు, వెనుకటితో పోల్చి చూచినచో, ఇనుము చవుక, చమురు ప్రియము, పనివాడు దూరము. మన తాతలు చేసినదే మనమును చేయుదమనుటయు, పొరుగూరివారు కొన్నారు గనుక మనమును కొందమనుటయు రెండును లెక్క చూడని మాటలే. తరాజులో తూనికరాళ్లు మారినవి గనుక మరల తూచి చూడవలెను.

ఇక నా తప్పు వినుడు.

1990 దశకము నడుమ మా ఊరి గెడ్డ ఒడ్డున ఒక పాత ఆరు గుర్రముల ఇంజను ఉండెడిది. దానిని తెచ్చిన పెద్దలు గతించిరి. వారి చేతి వస్తువని దానిపై మాకు మమకారము. 1995లో అది నీలిపొగ విడిచినది. కొత్త రింగులు వేయించితిమి. పొగ తగ్గినది. 1996లో మరల వచ్చినది, మరల రింగులు. 1997 వేసవిలో మూడవసారి రింగులు వేయించితిమి. ప్రతిసారియు ఖర్చు కొద్దిగా కనబడినది గనుక ప్రతిసారియు "ఈ ఒక్కసారి" అంటిని. సంఘపు పుస్తకములో మూడు పద్దులను మూడు పుటలలో వ్రాసితినే కాని, ఒక్కచోట కూడి చూడనైతిని. సిలిండరు పైభాగమున అరిగి గుండ్రతనము చెడియున్నది. వంకర గొట్టములో కొత్త రింగులు వేసినచో అవియు త్వరలో పాడగునని, క్రాంకుషాఫ్టు మెడ కూడ అరిగి కోలగా నైనదని, మాలో ఎవరును కొలిచి చూడలేదు.

ఆ కార్తికమున, వరికంకి పాలు పోసుకొను వేళ, ఒక తెల్లవారుజామున ఇంజను పెద్ద చప్పుడుతో ఆగినది. బేరింగు పట్టివేసి, రాడ్డు బోల్టు తెగి, రాడ్డు గుల్లను పగులగొట్టి వెలికి వచ్చెను. అద్దె ఇంజను దొరకుటకు పదునొకండు దినములు పట్టెను. గెడ్డ దగ్గరి మళ్లు ఎట్లో నిలిచినవి. కాలువ చివర మెరకను ఒక జాతాపు విధవరాలికి ఎకరము భూమి కలదు. ఆమె పంట తాలు పోయినది. నేను ఒక బస్తా ధాన్యము తీసికొని ఆమె గుమ్మమునకు పోతిని. ఆమె పుచ్చుకొనలేదు. "నీళ్లు రావలసిన రోజున రాలేదు మాస్టారూ. గింజలిస్తే ఆ రోజు తిరిగొస్తాదా?" అన్నది. ఆమె కసరలేదు; మెల్లగానే అన్నది. ఆ మాట నేటికిని నా చెవిలోనున్నది.

మరుసటి సంవత్సరము కొత్త ఇంజను కొంటిమి. అదియు 2011 నాటికి బోరుకు వచ్చినది. ఈసారి సభ రావిచెట్టు క్రింద కూడినది. వెనుకటి అనుభవముచేత అందరును "అమ్మివేయుడు, అమ్మివేయుడు" అనిరి. నేనును అట్లే అనబోతిని. అప్పుడు ఒక సవర యువకుడు లేచెను. అతడు నా శిష్యుడే. పట్టణమున ఇంజనుల పని నేర్చివచ్చినవాడు. "మాస్టారూ, అమ్మొద్దనీ అనను, అమ్మమనీ అనను. ఒక్క పూట నాకివ్వండి, కొలిచి చెబుతాను" అన్నాడు. "కొలువు నాయనా" అంటిని.

అతడు తల విప్పి, సిలిండరును పైన, నడుమ, క్రింద, రెండేసి దిక్కుల కొలిచెను. పైన అరుగుదల ఎక్కువగా తేలినది. క్రాంకుషాఫ్టు మెడను మైక్రోమీటరుతో కొలిచెను. అది గుండ్రముగనే యుండెను. పిమ్మట షాఫ్టును, గుల్లలో బలము పడు చోటులను కిరసనాయిలుతో తడిపి, గుడ్డతో శుభ్రముగ తుడిచి, సుద్దపొడి రాచెను. పగులున్నచో దానిలో ఇంకిన కిరసనాయిలు సుద్దపై తడి గీతగా పైకి వచ్చునట. మేమందరము వంగి చూచితిమి. సుద్ద తెల్లగనే నిలిచినది. "ఎముకలు బాగున్నాయి మాస్టారూ, చర్మమే పోయింది" అన్నాడు. లైనరు, పిస్టను, రింగులు, నాజిలు మార్చి, వాల్వులు నూరి, బేరింగులు వేసినచో, కొత్తదాని వెలలో మూడవ వంతునకు కొంచెము మించి అగునని లెక్క తేలినది.

ఆ మాట వినగానే నాకు ఆగమములలోని జీర్ణోద్ధారణ విధి స్ఫురించినది. ఆలయమున విగ్రహము దెబ్బతిన్నపుడు ఆగమము తొందరపడదు. ఏ అంగము చెడినదని ముందు విచారించును. వ్రేలివంటి చిన్న అవయవము చెడినచో బాగుచేసి అర్చింపవచ్చును. శిరస్సువంటి ప్రధానాంగము భగ్నమైనచో, ఎంత ప్రాచీనమైనను, ఎంత ప్రియమైనను, నీటిలో నిమజ్జనము చేసి కొత్త విగ్రహమును ప్రతిష్ఠింపవలసినదే. మమకారమునకు అక్కడ స్థానము లేదు. తిరస్కారమునకును స్థానము లేదు. మా మొదటి ఇంజను ప్రధానాంగములు చెడియుండగా మేము వ్రేళ్లకు లేపనము పూసితిమి. రెండవదానికి వ్రేళ్లు చెడినవని శిరస్సును కూడ నీట కలుపబోతిమి.

అందరును సమ్మతించిరి. అప్పుడు వెనుక వరుసలో కూర్చున్న ఆ విధవరాలు, అప్పటికి వృద్ధురాలు, ఒక్క మాట అడిగినది: "విప్పినన్నాళ్లూ నీళ్లెలాగ బాబూ?"

మాలో ఒక్కరికిని ఆ ప్రశ్న తోచలేదు. ఆగమము దీనికిని విధి చెప్పియున్నది. గర్భాలయమును విప్పుటకు ముందు బాలాలయము కట్టి, స్వామి కళను అందు నిలిపి, నిత్యపూజ తప్పకుండ జరిపించి, పిమ్మటనే ఉలి పట్టవలెను. శాస్త్రము చదివిన నేను మరచితిని. చదువనెరుగని ఆమె జ్ఞాపకము చేసినది. అద్దె ఇంజనును తెచ్చి, గెడ్డ ఒడ్డున నిలిపి, నీరు పారునట్లు చూచుకొని, ఆ తరువాతనే మా దానిని విప్పితిమి. పని తొమ్మిది దినములు పట్టినది. ఆమె ఎకరమునకు ఒక్క తడియు తప్పలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరమును తాకినది. విజయనగరము జిల్లాలోను కరెంటు స్తంభములు కూలినవి. మా ఊరు అప్పుడు ఆ జిల్లాలోనిది. 2022 నుండి పార్వతీపురము మన్యము జిల్లాలోనిది. అప్పటికే త్రాగునీటి బావికి కరెంటు మోటారు వచ్చియుండెను. తీగలు మరల నిలుచువరకు ఊరి ట్యాంకునకు నీరెత్తినది ఆ బాగుచేసిన ఇంజనే. దానిని అమ్మియుండినచో ఏమగునో యని ఆనాడు మేము కుండలు పట్టుకొని వరుసలో నిలిచి అనుకొంటిమి.

ఇక నా యింటికి వచ్చిన పెద్దలకు నేను చెప్పినదే మీకును చెప్పెదను.

మొదట పొగను చూడుడు. నీలిపొగ వచ్చినచో యంత్రమునకు పోసిన కందెననూనె కాలుచున్నది. రింగులు, సిలిండరు అరిగినవనుకొనవచ్చును. నల్లపొగ వచ్చినచో చమురు సరిగా కాలుటలేదు. నాజిలు చెడినదో, గాలి దారి మూసుకొన్నదో, పంపు బరువు మించినదో చూడవలెను. ఇది పలుమారు చిన్న ఖర్చుతో కుదురును. ఎడతెగని తెల్లపొగ వచ్చినచో నీరు లోనికి దిగుచున్నదేమో, ఒత్తిడి తగ్గినదేమో చూడవలెను. కందెననూనె మజ్జిగవలె తెల్లబడినచో నీరు కలిసినదనుట నిశ్చయము, అప్పుడు నడపరాదు.

రెండవది ఒత్తిడి. ఇంజను ఆగియున్నపుడు, చమురు మూసి, ఫ్లైవీలును చేతితో మెల్లగ త్రిప్పుడు. పిస్టను పైకి వచ్చు వేళ అది ఎదురు తన్ని వెనుకకు త్రోయవలెను. తన్నక నీరసముగ జారిపోయినచో ఊపిరి పోయినదని గ్రహింపుడు.

మూడవది లెక్క. ఒక లీటరు చమురు మాత్రము పోసి, ఎన్ని నిమిషములు నడచెనో, ఆ కాలములో ఎన్ని పీపాల నీరెత్తెనో వ్రాసికొనుడు. బాగుగనున్న ఆరు గుర్రముల ఇంజను పూర్తి బరువుమీద గంటకు లీటరున్నరకు లోపుగ త్రాగును. మీ ఇంజను గంటకు పావులీటరు అధికముగ త్రాగినదనుకొనుడు. ఏడాదికి 400 గంటలు నడచినచో 100 లీటర్లు ఊరక పొగయైపోయినట్లు. ఈ నష్టమును, గడచిన మూడేండ్ల బాగుచేతల పద్దులతోకూడ, ఒకే పుటలో కూడుడు. పద్దులు వేరువేరు పుటలలో నున్నంతకాలము అవి మనలను మోసగించును.

నాలుగవది ప్రధానాంగములు. గుల్లయు, క్రాంకుషాఫ్టును కొలిపించుడు, సుద్దతో పరీక్షింపుడు. షాఫ్టు కోలగానైనను పగులు లేనిచో లేతుపనివారు సానపట్టి, తగిన బేరింగు వేయగలరు. గుల్ల పగిలినను, షాఫ్టు బీటవారినను కొత్తది కొనుటయే క్షేమము. ప్రధానాంగములు బాగుండి, బాగుచేయు ఖర్చు కొత్తదాని వెలలో సగమునకు మించనిచో బాగుచేయింపుడు. కాని చేసినపుడు సగము సగముగ చేయకుడు. అరిగిన సిలిండరులో కొత్త రింగులు వేయుట నేను మూడుమారులు చేసిన పొరపాటు, మీకది వలదు.

అయిదవది ఇంకొకటి కలదు. ఆ ఇంజను చేయు పని నేటికిని మిగిలియున్నదా యని అడుగుడు. విద్యుత్తు తీగ గెడ్డవరకు వచ్చియున్నచో నిత్యసేవకు మోటారును పెట్టి, ఇంజనును ఆపత్కాలమునకు ఉంచుకొనుట మేలు కావచ్చును. తీగ రాని కొండవాలులో ఇంజనే దిక్కు. అచ్చట పనివాడును, విడిభాగములును ఎంత దూరములో దొరకునో చూచి కొనుడు. చవుకగ కొన్నదానికి నాజిలు దొరకనిచో అది వట్టి ఇనుపముద్దయే.

కొత్తది కొన్నను, పాతది బాగుచేయించినను, విప్పుటకు ముందు బాలాలయము మరువకుడు. నీరు రావలసిన దినమున నీరు వచ్చునట్లు ముందే ఏర్పాటు చేసికొనుడు. కాలువ చివరనున్నవారిని సభకు పిలిచి, ముందు వారినే అడుగుడు. నష్టము మొదట తగులునది వారికే గనుక, మనకు తోచని ప్రశ్న వారికి తోచును.

ఆ ఇద్దరు పెద్దలు నా మాట విని, బాగుచేయింతుమనియు అనలేదు, కొందుమనియు అనలేదు. "ముందు కొలిపిస్తాం మాస్టారూ" అని లేచిపోయిరి. అంతకంటె మంచి సమాధానము నేను కోరలేదు.